అహోబిలం అడవి బాటలో జలపాతం దాకా: గుంటూరు, విజయవాడ కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

ఎగువ అహోబిలం నుంచి భవనాశి వాగు వెంట జ్వాలా నరసింహస్వామి గుడి దాకా నడిచి, అక్కడ కొండ అంచు నుంచి రాలే జలధారను చూసి వచ్చిన ప్రతిసారీ గుంటూరులో మా వీధివాళ్ళూ విజయవాడలో ఉన్న చుట్టాలూ ఇంచుమించు అవే సందేహాలు అడుగుతున్నారు. ఫోనులో చెప్పిన సమాధానం మరొకరికి చేరేసరికి సగం మారిపోతున్నందువల్ల అన్నింటినీ ఇక్కడ రాసి పెట్టాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు అవసరమైన చోటికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు.

## వెళ్ళాలా వద్దా అని ఆలోచించేటప్పుడు

అసలు ఇది ఎంత దూరం నడక? తేలికేనా, లేక తేలిక అని చెప్పి మమ్మల్ని కొండెక్కిస్తారా?

ఎగువ అహోబిలం గుడి నుంచి జ్వాలా నరసింహస్వామి గుడి సుమారు 4 కిలోమీటర్లని చెప్తారు. దూరాన్ని బట్టి చూస్తే తేలికే, కానీ ఇది చదునైన తారు రోడ్డు కాదు. మొదటి భాగం వాగు పక్కన బండల మీదుగా సాగుతుంది, తరువాత మెట్లు మొదలవుతాయి, చివరి భాగంలో ఒకవైపు కొండ చరియ, మరోవైపు లోయ ఉంటాయి. ఇంట్లో రోజూ రెండు అంతస్తులు ఎక్కి దిగేవాళ్ళు ఆగుతూ ఆగుతూ రెండు గంటల్లో చేరగలరు. ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలైతే పెద్దవాళ్ళ కంటే ముందే చేరి, పైనుంచి పేర్లు పెట్టి పిలుస్తారు. తాడు పట్టుకుని ఎక్కవలసిన చోటు ఈ దారిలో ఎక్కడా లేదు.

మా అమ్మకు డెబ్బై ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. వస్తానని పట్టుబడుతున్నారు. తీసుకురావచ్చా?

ఎగువ అహోబిలం గుడి దాకా వాహనం వెళుతుంది కనుక అంతవరకు నిస్సంకోచంగా తీసుకురండి. ఆ పైకి నడవలేని పెద్దల కోసం డోలీలు మోసేవాళ్ళు ఉంటారు. మనిషి బరువును బట్టి, వెళ్ళే గుడిని బట్టి ధర మాట్లాడుకోవాలి, రాను పోను కలిపి ముందుగానే ఖాయం చేసుకోవాలి. మా అత్తయ్యగారు మొదట డోలీ వద్దన్నారు. ఇద్దరు మనుషుల భుజాల మీద కూర్చుని దేవుడి దగ్గరకు వెళ్ళడం ఏమిటని ఆవిడ అభ్యంతరం. వాగు ఒడ్డున అరగంట నడిచాక ఆవిడే ఆగి, డోలీ వాళ్ళను కేకెయ్యమన్నారు. మోకాళ్ళకు ఎక్కడం కంటే దిగడమే ఎక్కువ కష్టమని గుర్తుంచుకుని, ఆ నిర్ణయం కిందనే తీసుకోవడం మేలు.

ఏ నెలలో వెళితే నీళ్ళు ఉంటాయి?

అక్టోబరు నుంచి జనవరి దాకా అన్ని విధాలా అనుకూలం. వానలు తగ్గుముఖం పట్టి ఉంటాయి, ధార మాత్రం నిండుగా ఉంటుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో జలపాతం చూడముచ్చటగా ఉన్నా బండలన్నీ నాచు పట్టి ఉంటాయి, వాగు ఎప్పుడు పొంగుతుందో చెప్పలేము. పసిపిల్లలున్న కుటుంబం ఆ రెండు నెలలూ మానుకోవాలని నా అభిప్రాయం. మార్చి తరువాత ధార సన్నబడి, ఎండ ముదిరేకొద్దీ చినుకుల వరుసగా మిగులుతుంది. ఏప్రిల్, మే నెలల్లో రాతి బండలు పొద్దుపోయాక కూడా వేడిని వదలవు.

కనుమ తరువాత వెళితే స్వామి ఊళ్ళో ఉండడంటారు, నిజమేనా?

అది పారువేట గురించిన మాట. కనుమ నాడు మొదలై సుమారు నలభై రోజులకు పైగా ఉత్సవమూర్తులు పల్లకిలో చుట్టుపక్కల గ్రామాలు తిరుగుతారు. చెంచులక్ష్మితో తన పెళ్ళికి రమ్మని స్వామి స్వయంగా ఊరూరా తిరిగి పిలుస్తాడని అక్కడి జనం నమ్మకం. చెంచులు నరసింహుణ్ణి తమ ఇంటి అల్లుడిగా చెప్పుకుంటారు. మూలవిరాట్టులు గుళ్ళలోనే ఉంటారు కనుక దర్శనానికీ నడకకూ ఆటంకం ఉండదు. పారువేట ముగిశాక ఫాల్గుణంలో జరిగే బ్రహ్మోత్సవాల రోజుల్లో మాత్రం గదులు దొరకడం కష్టం, బాటంతా జనమే.

ఇది పెద్దపులుల అడవి కదా? పిల్లలతో వెళ్ళడం క్షేమమేనా?

నల్లమలలో పులులున్నాయి. నాగార్జునసాగర్-శ్రీశైలం ప్రాంతాన్ని 1978లో అభయారణ్యంగా ప్రకటించి, 1983లో పులుల సంరక్షణ పథకం కిందికి తెచ్చారు. అహోబిలం కొండలు ఆ అడవికే దక్షిణపు కొనసాగింపు. అయినా పగటిపూట యాత్రికుల మాటలతో నిండి ఉండే ఈ బాట మీదికి పులి రావడం చాలా అరుదు, మనిషి అలికిడి వింటే అదే పక్కకు తప్పుకుంటుంది. గుంపు విడిచి అడ్డదారులు పట్టకపోవడం, పిల్లలను ముందూ వెనకా పెద్దల మధ్య నడిపించడం, చీకటి పడకముందే ఎగువ గుడికి చేరడం, ఈ మూడింటిలో ఏదీ తప్పకూడదు. నిజానికి ఈ దారిలో మీకు రోజూ ఎదురయ్యే జంతువు కోతి.

ఒక్కరోజే సెలవు ఉంది. ఉదయం వెళ్ళి రాత్రికి గుంటూరు చేరుకోగలమా?

చేరుకోలేరు, ప్రయత్నించవద్దు. గుంటూరు నుంచి రోడ్డు మార్గం 300 కిలోమీటర్ల పైచిలుకు, విజయవాడ నుంచి మరో ముప్పై అయిదు కలుపుకోవాలి. ఒక్కరోజే ఉంటే మాచర్ల వైపు ఎత్తిపోతల చూసి రండి. నాగార్జునసాగర్‌కు దగ్గరలో ఉన్న ఆ జలపాతం సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి పడుతుంది. అక్కడ నడక అంటూ పెద్దగా లేదు, ఎదురుగా కట్టిన చోట నిలబడి చూడటమే. గుండంలోకి దిగాలని పిల్లలు మారాం చేసినా ఒప్పుకోవద్దు, అక్కడ మొసళ్ళున్నాయి.

## ప్రయాణం, బస

రైలులో వెళ్ళాలా, కారులోనా?

పిల్లలుంటే రైలే మంచిదని నేనంటాను. గుంటూరు-నంద్యాల మార్గం నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరుల మీదుగా వెళ్ళి, దిగువమెట్ట దాటాక నల్లమలలోకి ప్రవేశిస్తుంది. బొగద సొరంగంలో పెట్టె ఒక్కసారిగా చీకటి కావడం, పిల్లలందరూ కలిసి అరవడం ఈ ప్రయాణంలో సగం సరదా. విజయవాడ, గుంటూరుల మీదుగా అమరావతి ఎక్స్‌ప్రెస్ ఉంది, ఏ రోజుల్లో నడుస్తుందో చూసుకుని టికెట్టు తీసుకోవాలి. నంద్యాలలో దిగి బస్సులో ఆళ్ళగడ్డకు, అక్కడి నుంచి మరో బస్సులో అహోబిలానికి చేరాలి.

కారులో వెళ్ళేవాళ్ళకు వినుకొండ, కంభం, గిద్దలూరు, నంద్యాల, ఆళ్ళగడ్డ దారి ఉంది. గిద్దలూరు దాటాక ఘాట్ రోడ్డు కనుక రాత్రి ప్రయాణం పెట్టుకోకూడదు, వాంతులయ్యే పిల్లలకు గిద్దలూరులో కడుపునిండా తినిపించకూడదు.

రాత్రికి ఎక్కడ ఉండాలి? దిగువ అహోబిలమా, ఎగువ అహోబిలమా?

దిగువ అహోబిలంలోనే ఉండాలి. సత్రాలు, అహోబిల మఠం వసతి గృహం, పర్యాటక శాఖ వారి హరిత హోటల్ అన్నీ అక్కడే ఉన్నాయి. ఎగువ గుడికి అక్కడి నుంచి సుమారు 8 కిలోమీటర్లు, బస్సులూ ఆటోలూ తిరుగుతాయి. తెల్లవారుజామున వాహనం దొరుకుతుందని ఎవరో చెప్పిన మాట మీద ఆధారపడవద్దు. ఒకసారి మేము దిగిన సత్రంలో అయిదింటికే ఆటోలు వరుసకట్టి ఉంటాయని చెప్పారు. ఆ రోజు మొదటి ఆటో కనిపించేసరికి ఎండ ముంగిట్లోకి వచ్చింది, మేము నడక మొదలుపెట్టేసరికి పదయింది. ముందురోజు సాయంత్రమే ఒక ఆటో ఆయనతో మాట్లాడుకుని, ఫోను నంబరు తీసుకుని పడుకోండి.

## సంచీ సర్దుకునేటప్పుడు

చెప్పులా, బూట్లా, వట్టి కాళ్ళా?

మొక్కు ఉన్నవాళ్ళు వట్టి కాళ్ళతోనే నడుస్తారు, వాళ్ళకు నేను చెప్పేదేమీ లేదు. మిగిలినవాళ్ళు మడమ దగ్గర పట్టీ ఉండి, అడుగున గాళ్ళు లోతుగా ఉన్న చెప్పులు వేసుకోవాలి. నీళ్ళు తగిలినా త్వరగా ఆరతాయి, గుడి దగ్గర తేలిగ్గా విప్పుకోవచ్చు. కొత్తగా కొన్న బూట్లు ఈ నడకతో ప్రారంభించకూడదు. అరిగిపోయిన హవాయి చెప్పులు తడిసిన బండ మీద సబ్బు ముక్కల్లాంటివి.

తినడానికి ఏం పట్టుకెళ్ళాలి? పైన ఏమైనా దొరుకుతుందా?

పైన ఏదో ఒకటి దొరుకుతుందన్న ధైర్యంతో వెళ్ళకూడదు. పెద్దవాళ్ళకు తలా రెండు లీటర్ల నీళ్ళు, పిల్లలకు లీటరు, రెండు ఓఆర్ఎస్ పొట్లాలు, వేయించిన పల్లీలు, బెల్లం ఉండలు, చపాతీ చుట్టలు చాలు. మన ఇళ్ళలో ప్రయాణమనగానే పులిహోర కలుపుతారు, కలపండి, కానీ దాన్ని ఎగువ గుడి దగ్గర ఎక్కే ముందే తినేయండి.

ఈ సలహా అనుభవం మీద చెప్తున్నాను. వాగు ఒడ్డున మా మేనల్లుడు పులిహోర గిన్నె ఉన్న గుడ్డసంచీని పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. ఒక ముసలి కోతి వచ్చి ఎదురుగా చతికిలబడి, వాణ్ణి కాదు, ముడినే చూస్తూ ఉంది. వాడు నీళ్ళ సీసా మూత తిప్పే లోపల అది సంచీని లాక్కుని బండ మీదికి ఎక్కి, పళ్ళతో లాగకుండా వేళ్ళతోనే ముడి విప్పింది. ముందు వేరుశనగ గుళ్ళు ఏరుకుని తింది, ఎండుమిరపకాయ చేతికి తగిలితే వాసన చూసి కిందకు విసిరేసింది. గుంటూరు మిరపకాయను కోతి కూడా ఒక చూపుతో గుర్తుపట్టిందని మా బావగారు ఇప్పటికీ అంటారు. తినుబండారాలను వీపు సంచీ లోపల, జిప్పు వేసి, వాసన బయటకు రాని డబ్బాలో పెట్టుకోవాలి. కోతి సంచీ పట్టుకుంటే దానితో పెనుగులాడకూడదు. పోయేది పులిహోరే, కోతి కరిస్తే రేబిస్ టీకాల కోసం ఆసుపత్రి చుట్టూ తిరగాలి.

చేతికర్ర నిజంగా అవసరమా?

అవసరమే. ఎగువ అహోబిలంలో కర్రలు అమ్ముతారు. దిగేటప్పుడు కర్రను ముందు మెట్టు మీద ఆనించి తరువాత కాలు వేస్తే మోకాలి మీద భారం తగ్గుతుంది, తడి బండ జారుతుందో లేదో ముందే తెలుస్తుంది. కోతులు కూడా కర్ర ఉన్నవాళ్ళకు కాస్త దూరంగానే ఉంటాయి.

## దారిలో

ఎన్నింటికి బయలుదేరాలి?

ఎగువ గుడి నుంచి ఉదయం ఆరున్నర, ఏడు గంటల లోపల అడుగు పడాలి. కారణం ఎండ ఒక్కటే కాదు. లోయలో సూర్యుడు కొండ చాటుకు త్వరగా వెళ్ళిపోతాడు. నవంబరులో గుంటూరులో అయిదున్నర దాకా వెలుతురు ఉన్నా, ఆ లోయలో నాలుగున్నరకే మెట్ల అంచులు సరిగా కనబడవు. జ్వాలా నరసింహస్వామి అర్చకులు కూడా కింది నుంచే రోజూ నడిచి పైకి వస్తారు, పొద్దు వాలకముందే దిగిపోతారు. మధ్యాహ్నం పన్నెండు దాటినా మీరు ఇంకా ఎక్కుతూనే ఉంటే, ఎంత దగ్గరలో ఉన్నా వెనక్కి తిరగడమే సరైన పని.

దారి తప్పుతామా? గైడును పెట్టుకోవాలా?

జ్వాలా నరసింహస్వామి గుడి వరకే అయితే దారి స్పష్టంగా ఉంటుంది, యాత్రికులూ ఎదురవుతూ ఉంటారు. వాగు వెంట పోతే సుమారు కిలోమీటరు దూరంలో క్రోడ నరసింహస్వామి గుడి వస్తుంది, దీన్నే వరాహ నరసింహ క్షేత్రమని కూడా అంటారు. ఆ పైన జ్వాలా నరసింహస్వామి గుడికీ మాలోల నరసింహస్వామి గుడికీ దారులు చీలతాయి, అక్కడ అడిగి ముందుకు సాగాలి. ఫోను సిగ్నలు మీద ఆశ పెట్టుకోకూడదు. మొదటిసారి వెళ్ళే కుటుంబం స్థానికుడైన ఒక మనిషిని వెంటబెట్టుకుంటే నష్టం లేదు. చెట్ల పేర్లు తెలిసినవాడైతే డబ్బు రెండింతలు దక్కినట్టే.

ఇది నిజంగా పాత అడవేనా? నాకు చెట్లు అంత పెద్దగా కనిపించలేదు.

పాత అడవి అనగానే ఆకాశాన్ని అంటే చెట్లను ఊహించుకుని వస్తే నిరాశ తప్పదు. నల్లమలది ఆకురాల్చే పొడి అడవి. వాన తక్కువ, మట్టి పలచన, వేర్లు రాతి సందుల్లో వెతుక్కుంటూ పోవాలి, అందువల్ల చెట్టు లావెక్కడానికి చాలా కాలం పడుతుంది. మీ నడుమంత లావున్న మాను మీ తాతగారి కంటే పెద్దదై ఉండవచ్చు. నల్లమద్ది, ఏగి, తునికి, టేకు, వెదురు ఇక్కడ సహజంగా పెరిగినవే, వరుసల్లో నాటినవి కావు.

పిల్లలకు ముందుగా నల్లమద్దిని చూపించండి. దాని బెరడు నలుపెక్కి, చదరాలు చదరాలుగా పగిలి, మొసలి వీపులా ఉంటుంది, ఒక్కసారి చెయ్యి పెట్టి చూసినవాళ్ళు మళ్ళీ మరచిపోరు. 2024 మార్చిలో పాపికొండల అడవిలో అటవీ సిబ్బంది ఒక నల్లమద్ది మాను బెరడు కోస్తే నీళ్ళు ధారగా చిమ్మిన దృశ్యం అందరూ చూసే ఉంటారు. అది చూసిన ఉత్సాహంతో ఇక్కడ చాకు తీయకూడదు. అన్ని మానుల్లో నీళ్ళుండవు, గాయం మాత్రం మిగులుతుంది, అడవి చట్టం కింద అది నేరం కూడా. ఫిబ్రవరి చివర వెళితే మోదుగలు పూసి ఉంటాయి.

బాట విడిచి లోపలికి కొంచెం దూరం వెళ్ళి చూడవచ్చా?

వెళ్ళకూడదు. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా వెళ్ళడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. యాత్రికులకు ఉన్న వెసులుబాటు బాట వరకే. పైగా కొండ చరియలకు పెద్ద తేనెపట్టులు వేలాడుతూ ఉంటాయి. వాటి కింద పొగ పెట్టడం, రాయి విసరడం, ఘాటైన సెంటు పూసుకుని వెళ్ళడం మూడూ ప్రమాదమే.

## జలపాతం దగ్గర

చివరికి అక్కడ ఏం కనిపిస్తుంది? పెద్ద జలపాతమేనా?

హోరున దూకే జలపాతాన్ని ఊహించుకోవద్దు. కొండ పైభాగం దారి మీదికి చూరులా ముందుకు వచ్చి ఉంటుంది. వానాకాలంలో పెంకుటింటి చూరు నుంచి నీళ్ళు జారినట్టు ఆ రాతి అంచు నుంచి నీళ్ళు వరుసగా రాలుతూ ఉంటాయి, మీరు ఆ ధారకూ కొండకూ మధ్య నుంచి నడిచి గుడికి చేరతారు. గాలి వీచినప్పుడు నీటి తెర ఒకవైపుకు ఒరిగి, అంతవరకు తడవకుండా నిలబడ్డవాళ్ళను తడిపి మళ్ళీ యథాస్థానానికి వస్తుంది. మా చిన్నది దాని కింద నోరు తెరుచుకుని నిలబడి, నోట్లో పడ్డ చుక్కలు లెక్కపెట్టింది, పద్నాలుగు దగ్గర నవ్వొచ్చి లెక్క పోయింది.

రాయి అలా చూరులా ఎందుకుందంటే, నల్లమల కొండల్లో గట్టి క్వార్ట్‌జైట్ పొరలూ మెత్తని పలకరాతి పొరలూ ఒకదాని మీద ఒకటి ఉంటాయి. అడుగున ఉన్న మెత్తని పొర ముందుగా అరిగిపోతే పైనున్న గట్టి పొర చూరులా మిగులుతుంది.

అక్కడ స్నానం చేయవచ్చా? ఆ నీళ్ళు తాగవచ్చా?

ధార కింద తల తడుపుకోవడానికి అభ్యంతరం ఉండదు, కానీ సబ్బులూ షాంపూ పొట్లాలూ సంచీలోనే ఉంచండి. అంచు దగ్గర ఇనుప కమ్మీల మీదికి ఎక్కి ఫోటోలు దిగకూడదు. నీళ్ళు చూడటానికి అద్దంలా ఉన్నా పైన కోతులూ ఇతర జంతువులూ తిరిగే చోటి నుంచే వస్తాయి, అందువల్ల తీర్థంగా చల్లుకోవడం వేరు, సీసా నింపుకుని పిల్లలకు తాగించడం వేరు.

రక్తకుండం నీళ్ళు నిజంగా ఎర్రగా ఉంటాయా?

జ్వాలా గుడికి దగ్గరలోనే ఆ గుండం ఉంది. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన తరువాత స్వామి అక్కడ చేతులు కడుక్కున్నాడని స్థలపురాణం. గుండంలో ఎర్రగా కనిపించిన నీరు దోసిట్లోకి తీసుకుంటే తేటగా ఉంటుంది.

ఇంత దూరం వచ్చాం, ఉగ్రస్తంభం కూడా ఎక్కేద్దామా?

కుటుంబంతో వద్దు. రెండుగా చీలినట్టు కనిపించే ఆ కొండ శిఖరం దాకా పోయే దారి నిట్టనిలువు, చాలాచోట్ల చేతులు వాడి ఎక్కాలి, రావడానికీ పోవడానికీ అదనంగా గంటలు పడతాయి. ఎక్కగలిగిన కుర్రవాళ్ళుంటే మరో రోజు, స్థానికుడి తోడుతో, తెల్లవారగానే బయలుదేరి వెళ్ళాలి. నేను చూసిన గొడవల్లో ఎక్కువభాగం ఈ ఒక్క ప్రశ్న దగ్గరే మొదలయ్యాయి. సగం మంది పైకి, సగం మంది కిందికి చీలిపోతారు, నీళ్ళన్నీ ఒకరి సంచీలో, కారు తాళం మరొకరి జేబులో ఉండిపోతాయి.

వాగు పొంగితే ముందే తెలుస్తుందా?

మీ నెత్తిన చినుకు పడకపోయినా పైకొండల్లో వాన కురిస్తే వాగు పెరుగుతుంది. తేటగా ఉన్న నీరు మట్టిరంగుకు మారడం, ఆకులూ పుల్లలూ గుంపుగా కొట్టుకురావడం, చప్పుడు బరువెక్కడం దాని ముందస్తు గుర్తులు. వాటిలో ఏ ఒక్కటి కనిపించినా నీళ్ళలో ఉన్నవాళ్ళు సామాను వదిలేసి వెంటనే గట్టెక్కాలి. మోకాలి లోతు ప్రవాహాన్ని కూడా పిల్లలను ఎత్తుకుని దాటకూడదు, అది తగ్గేదాకా ఎత్తైన చోట కూర్చోవాలి.

పాము కరిస్తే ఏం చేయాలి?

కరిచిన కాలిని కదలనీయకుండా కర్ర ఆనించి వదులుగా కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుని దింపాలి. గట్టిగా తాడు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం పనికిరావు. సిగ్నలు దొరికిన చోట 108కి ఫోను చేసి, విషానికి విరుగుడు మందు ఉన్న పెద్ద ఆసుపత్రికి చేర్చాలి. పాము ఏ జాతిదో తెలుసుకోవడానికి దాన్ని వెంటాడనక్కర లేదు. పొదల్లోకి చెయ్యి పెట్టకుండా, బండల సందుల్లో కూర్చోకుండా ఉంటే ఈ అవసరం దాదాపుగా రాదు.

## తిరిగి వచ్చాక

రెండు రోజులైనా పిక్కల నొప్పి తగ్గలేదు. డాక్టరుకు చూపించాలా?

దిగేటప్పుడు కండరం సాగుతూనే బరువును ఆపవలసి వస్తుంది, అందుకే నొప్పి మర్నాడు మొదలై రెండో రోజుకు ముదురుతుంది, నాలుగైదు రోజుల్లో దానంతట అదే పోతుంది. వేడినీళ్ళ కాపడం, మెల్లగా ఇంట్లో తిరగడం చాలు. ఒక్క కాలికే వాపు వచ్చినా, మూత్రం ముదురు గోధుమరంగులోకి మారినా మాత్రం ఆలస్యం చేయకూడదు.

వచ్చిన పది రోజులకు పిల్లవాడికి జ్వరం వచ్చింది. దానికీ అడవికీ సంబంధం ఉంటుందా?

ఉండవచ్చు. గడ్డిలోనూ పొదల్లోనూ ఉండే కంటికి కనబడని నల్లి పిల్లలు (మంచాల్లో ఉండే నల్లులు కావు, మైట్ అనే సూక్ష్మమైన పురుగు పిల్లలు) కుట్టడం వల్ల స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది, కుట్టిన తరువాత సాధారణంగా ఒకటి రెండు వారాలకు జ్వరం మొదలవుతుంది. చంకలు, గజ్జలు, నడుము పట్టీ కింద, చెవి వెనక సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి చిన్న పెచ్చు ఉందేమో వెతకండి, అది నొప్పి పెట్టదు కనుక పిల్లలు చెప్పరు. పెచ్చు కనిపించినా కనిపించకపోయినా, ఫలానా తేదీన నల్లమల వెళ్ళి వచ్చామని డాక్టరుతో తప్పకుండా చెప్పండి. ఆ ఒక్క మాటతో ఏ పరీక్ష చేయించాలో వారికి వెంటనే తడుతుంది, సకాలంలో గుర్తిస్తే మామూలు యాంటీబయాటిక్ మందుతోనే నయమవుతుంది. అడవి నుంచి బసకు చేరగానే బట్టలన్నీ మార్చి, వేడినీళ్ళలో నానబెట్టి, పిల్లలకు సబ్బుతో ఒళ్ళు రుద్ది స్నానం చేయించడం దీనికి ముందుజాగ్రత్త.